గుండె డాక్టరు దగ్గర దాపరికం వద్దు



నేను ప్రభుత్వాసుపత్రి ఏ.ఆర్.టి. కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మన దేశంలో హెచ్.ఐ.వి. మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఆనాడు నడివయసులో మందులు మొదలుపెట్టినవారు నేడు మన ఈడువారయ్యారు. సంతోషించవలసిన విషయమే.

అయితే వైరస్ అదుపులో ఉన్నా వీరికి గుండెపోటు ప్రమాదం ఇతరులకంటే ఎక్కువ. కారణం లేకుండా బరువు తగ్గడం, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, ఊరికే అలసిపోవడం కనిపిస్తే వయసు మీద తోసివేయక డాక్టరుకు చూపించాలి.

2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనంలో మన దేశంతో సహా 12 దేశాలకు చెందిన 7,769 మంది హెచ్.ఐ.వి. రోగులు పాల్గొన్నారు. రోజూ పిటావాస్టాటిన్ మాత్ర వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. ఆ మాత్ర ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి.

అందుకే నా మనవి ఒక్కటే. గుండె డాక్టరు దగ్గర హెచ్.ఐ.వి. సంగతి దాచవద్దు. రిటోనవిర్ వాడేవారికి సిమ్వాస్టాటిన్ పనికిరాదు. తెలియక రాస్తే కండరాలు దెబ్బతినవచ్చు. మీ రహస్యానికి 2017 నాటి చట్టం రక్షణ ఉన్నది.

రోజూ నడవండి, పొగాకు మానండి. సెలవు.