బస్తరు: ఆటయు, విశ్వాసమును

కాకతీయ అన్నమదేవుని వంశీయు లేలిన బస్తరు మనకు పరాయిసీమ కాదు. 2024 డిసెంబరులో జగదల్‌పురమున ముగిసిన బస్తరు ఒలింపిక్సునకు లక్షన్నరకు పైగా పేర్లు నమోదైనవి. వినగానే మనస్సు పొంగినది.

ఆటలో ఆదివాసి కీర్తి క్రొత్తది కాదు. 1928లో ఆంస్టర్‌డాం వెళ్లిన భారత హాకీ జట్టునకు నాయకుడు రాంచీ ప్రాంతపు జయపాల్ సింగ్ ముండా, క్రైస్తవుడు. పిదప రాజ్యాంగసభలో ఆదివాసుల గొంతుకయైనది ఆయనయే. ఈ మూడును ఆయనయందు కలహింపలేదు.

బస్తరున మాత్రము నేడు ఊరికిని మతమునకును పొత్తు కుదురుట లేదు. 2025 జనవరిలో ఛింద్వాడ గ్రామపు పాస్టరొకరు మరణింపగా, అచట పూడ్చరాదని ఊరివారు అడ్డగించిరి. దేహము ఇంచుమించు ఇరువది దినములు శవాగారముననే యుండెను. కుమారుడు సుప్రీంకోర్టు కెక్కెను. న్యాయమూర్తు లిరువురును ఏకాభిప్రాయమునకు రాలేదు. తుదకు ఇరువది కిలోమీటర్ల కావలనున్న కర్కాపాల్‌లో ఖననము చేయుమనిరి. తన తాతను ఆ యూరనే పూడ్చిరని కుమారుడు కోర్టులో విన్నవించుకొనెను.