పొరుగింటి పాట

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. పొరుగింటి పాటను గురించి మాత్రం వారేమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం అప్పుడు లేదు కాబోలు. ఆ కాలంలో పొరుగింటి పాటకు పాడేవారి గొంతుకున్నంత బలమే ఉండేది. ఈనాడు దానికి విద్యుత్తు తోడయినది. గోడ మాత్రం పాతగోడే.

శ్రీకాకుళం వెళ్ళే ప్రయాణికులు రైలు దిగేది ఆమదాలవలసలో. ఊరు ఆమదాలవలస, స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. స్టేషను ఉన్నచోట హోటలు ఉండక తప్పదు. హోటలు ఉన్నచోట నాలుగు సంసారాలు ఉండకా తప్పదు. క్రింద వంటశాల, పైన కాపురం; ముందు వ్యాపారం, వెనుక పెరడు. మన చిన్న పట్టణాలన్నీ ఇట్లా పెరిగినవే. ఇందులో తప్పు లేదు. ఊరు సందడిగా ఉండటానికి కారణం కూడా ఇదే.

అటువంటి వీధిలో ఒక మిత్రుని ఇంట ఒక రాత్రి మేము బస చేశాము. ఆ ఇంటి పెద్దమ్మగారు మేడమెట్లు దిగి హోటలు కుర్రవానితో, "బావూ, పాట బాగానే ఉంది గాని, మా మనవరాలికి రేపు పరీక్ష. కాస్త తగ్గించు నాయనా" అన్నారు. "అలాగే అమ్మా" అని అతడు వెంటనే తగ్గించాడు. పావుగంటకు కొత్తగా వచ్చిన వారెవరో పెంచమన్నారు, పెంచాడు. ఆమె మళ్ళీ దిగలేదు. రోజూ దిగి అడగడానికి ఆమెకు మొగమాటం. కాదని చెప్పడానికి అతనికి యజమాని భయం, గిరాకీ భయం. ఇద్దరూ మంచివారే. అయినా ఆ పిల్లకు చదువూ సాగలేదు, నిద్రా పట్టలేదు. మంచితనం ఒక్కటే చాలదని, దానికి ఆసరాగా ఒక నియమం కావాలని ఆ రాత్రి మాకు తోచింది.

నియమం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2000లో శబ్దకాలుష్య నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దు. వాణిజ్య ప్రాంతాలలో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే పది గంటల నుండి తెల్లవారి ఆరు వరకు. ఆ వేళ ఆరుబయట లౌడుస్పీకరు మోగరాదు. మూసి ఉన్న మందిరం లోపల, లోపలివారికి మాత్రమే వినిపించే ఏర్పాటుకు మినహాయింపు ఉన్నది. ప్రైవేటు స్థలంలోని శబ్దయంత్రం మ్రోత ఆ స్థలపు సరిహద్దు వద్ద ఆ ప్రాంతపు హద్దును 5 డెసిబెల్సుకు మించి దాటరాదు. ప్రశాంతంగా జీవించే హక్కు రాజ్యాంగపు 21వ అధికరణంలో ఇమిడి ఉన్నదని 2005 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తనకు మాట్లాడే స్వేచ్ఛ ఉన్నదని ఇష్టంలేని వాని చెవిలోకి బలవంతంగా శబ్దాన్ని పంపే హక్కు ఎవరికీ లేదని దాని సారాంశం.

మరి చిక్కు ఎక్కడ? ఇల్లూ అంగడీ కలిసిన వీధిని ఏ ప్రాంతమనాలి? ఇటువంటి మిశ్రమ ప్రాంతాన్ని అధికారులు ఏదో ఒక తరగతిలో చేర్చవచ్చునని నియమావళి చెబుతున్నది. ఆ ఒక్క మాటలో రాత్రిపూట పది డెసిబెల్సు తేడా ఉన్నది. పది అంటే స్వల్పమని తోచవచ్చు. కాని డెసిబెల్సు లెక్క కూరగాయల తూకం వంటిది కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. చెవికి సుమారు రెండింతలుగా వినిపిస్తుంది. పైగా మంద్రస్వరాలు గోడలను సులువుగా దాటుతాయి. అందుచేత హోటలులో కూర్చున్నవానికి పాటంతా వినబడుతుంది; మేడమీద పడుకున్నవారికి పాట వినబడదు, దాని గుండెదడ మాత్రమే వినబడుతుంది.

పెద్ద నగరంలో ఈ తగవు న్యాయస్థానం దాకా పోయింది. హైదరాబాదు జూబిలీ హిల్స్‌లో ఇళ్ళ నడుమ వెలసిన పబ్బుల మ్రోతపై అక్కడి నివాసుల సంఘం తెలంగాణ హైకోర్టును ఆశ్రయించింది. రాత్రి పది దాటాక నగరంలోని పబ్బులలో సంగీతం వినిపించరాదని 2022 సెప్టెంబరులో న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తరువాత ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని జూబిలీ హిల్స్‌లోని పది పబ్బులకు పరిమితం చేసింది.

హోటలువారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పాట వింటూ కాఫీ త్రాగే అలవాటు మనదే. రేడియో ఖరీదైన వస్తువుగా ఉన్న రోజులలో ఎందరో విన్నది హోటలు రేడియోనే. రైళ్ళు రాత్రంతా కూస్తుంటే లేని అభ్యంతరం మా పాటకేనా అని వారడుగుతారు. రైలు వస్తుంది, పోతుంది. దాని వెంట ఊరికి ప్రయాణమూ సరుకూ వస్తాయి. పాట ఆగదు, ఎప్పుడాగుతుందో తెలియదు. ముందునుంచి ఉన్నది మేమే, ఇళ్ళు తరువాత వచ్చాయని మరికొందరంటారు. ఇది ఆలోచించదగిన మాటే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో ఈ వాదాన్ని మన్నించింది. కొత్తగా వచ్చినవారే శబ్దాన్ని అడ్డుకునే ఖర్చు భరించాలన్నది అక్కడి సూత్రం. పాత సంగీతశాల ప్రక్కన మేడ కట్టేవాడు కిటికీలు బిగించుకోవాలి. పాత ఇళ్ళ నడుమ సంగీతశాల పెట్టేవాడు గోడలు బిగించుకోవాలి. న్యాయం రెండువైపులా నడిచినప్పుడే నిలుస్తుంది.

మన పట్టణాలలో చేయదగినవి చిన్న పనులే. వీధివైపు చూచే స్పీకరును లోపలికి త్రిప్పడం, మంద్రస్వరాన్ని తగ్గించడం, రాత్రి పదికి ఆపడం. మునిసిపాలిటీ వ్యాపార లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ షరతులు వ్రాసి గోడకు తగిలించమంటే, ఆ కుర్రవాడు గిరాకీకి గోడ చూపి తప్పించుకోగలడు. పెద్దమ్మగారు మెట్లు దిగే పని ఉండదు. యజమాని వారానికొకసారి తన హోటలులో గాక పొరుగింటి గుమ్మంలో నిలబడి వింటే, ఏ యంత్రమూ లేకుండానే సగం కొలత తెలుస్తుంది.

శబ్దాన్ని ఇళ్ళలోకి పంపడమే మా వృత్తి కూడా. కాని మా మాట నచ్చనప్పుడు ఆపే మీట మీ చేతిలో ఉన్నది. అందుచేతనే మేము మీ ఇంటికి అతిథులం. పొరుగింటి పాటకు ఆ మీట పొరుగువాని చేతిలో ఉంటుంది. దానిని ఎంతవరకు త్రిప్పాలో గోడకు ఇవతలివారిని తలచుకొని నిర్ణయించడమే ఇరుగుపొరుగు ధర్మం. ఇక ఈ పూటకు మా మాట చాలించి, మీట మీకే వదిలి సెలవు తీసుకుంటున్నాము.