చార్టు కాదు, ప్రశ్న ముఖ్యం



సైన్సు ప్రాజెక్టు అనగానే బజారుకెళ్లి చార్టు కొనివ్వడం మనకు అలవాటైపోయింది. దాంతో మార్కులొస్తాయి గానీ సైన్సు రాదు.

మా లింగంపల్లి ఐదో తరగతి పిల్లలకు ఒకే ప్రశ్న ఇచ్చాను: మన బడి కప్పు మీద ఎంత వాన పడుతుంది? అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు, అంతే సరంజామా. 1 చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్లు కురిస్తే 1000 లీటర్లు! లెక్క తేలగానే ఒక అమ్మాయి ఉర్దూలో అడిగింది: "మరి మనకు ట్యాంకరెందుకు సార్?" ఆ ప్రశ్న ఏ గైడులోనూ దొరకదు.

నేను నేర్చుకున్నదిదే: కొలత పిల్లలే తీయాలి, తేడా వస్తే వాళ్లే దిద్దుకోవాలి, చర్చ ఇంటి భాషలో సాగాలి. కనుక ఈసారి ప్రాజెక్టంటే పిల్లలకు డబ్బులివ్వకండి, డబ్బా ఇవ్వండి.