ఇంటి గోడలలో ఇంటర్నెట్ తీగెలు

స్వగృహము కట్టించుకొనువారు విద్యుత్తు తీగెలయెడ చూపు శ్రద్ధను ఇంటర్నెట్ తీగెలయెడ చూపకుండుట విచారకరము. గోడలకు ప్లాస్టరింగు జరుగకమునుపే వీనికి పైపులు వేయింపవలెను. లేనిచో పిమ్మట గోడ పగులగొట్టక తప్పదు.

పని ఒప్పుకొనవచ్చిన ఎలక్ట్రీషియనును ఒక్క మాట అడుగుడు: నెట్‌వర్కు తీగెలు ఇదివరకెచ్చటనైన వేసినారా? విద్యుత్తు పనిలో ఆరితేరినవాడైనను, కరెంటు తీగెలున్న పైపులోనే వీనినికూడ దూర్చినచో ప్రమాదమును, సంకేతములకు అంతరాయమును కలుగవచ్చును. వేరు పైపు కావలెను. మరల చెప్పుచున్నాను, వేరు పైపు.

తీగె కొనునపుడు మోసపోవుట సులభము. అల్యూమినియముపై రాగిపూత పూసినది చౌకగా దొరకును. చూపునకు అచ్చముగా రాగివలెనే యుండును. చివరను కత్తితో గీకినచో లోపలి తెలుపు బయటపడును. కావున క్యాట్ 6 రకము, సంపూర్ణముగా రాగితో చేసినదే వేయవలెనని ఒప్పందపత్రమున వ్రాయించుకొనుడు.

ప్రతి గదినుండియు తీగె అతుకు లేక నేరుగా రౌటరుండు చోటికే రావలెను. రెండు చివరలయందును గది పేరు వ్రాయింపుడు. గోడలకు రంగులు వేయకమునుపే ప్రతి తీగెలోని ఎనిమిది పోగులను టెస్టరుతో మీ యెదుట పరీక్షింపజేసి, ఆ పిమ్మటనే తుదివాయిదా సొమ్ము చెల్లింపుడు.