పండుగప్పకు తగిన గాలము



ఉగాది సభలో పంచాంగ శ్రవణము, పద్యపఠనము, పిల్లల పాటలు ఉండుట ఆచారము. చేపలు పట్టుటను గూర్చి ఉపన్యాసమేమిటని ముందు వరుసలోని పెద్దలు కొందరు అప్పుడే చిరునవ్వు నవ్వుచున్నారు. ఆదివారము వచ్చినదనగా గాలపు కర్రలు భుజాన వేసికొని ఊరు దాటిపోవు మా నలుగురిని ఏదైనా మాట్లాడుమని కార్యవర్గమువారే అడిగినారు. ఇదే విషయమై మా ఇండ్లలో ఆడవారు చేయు ఉపన్యాసముకంటె ఇది పొట్టిదని మాత్రము హామీ ఇచ్చుచున్నాము.

మనలో చాలమందిమి శ్రీకాకుళము, విజయనగరము, గోదావరి జిల్లాల నుండి ఉద్యోగరీత్యా బరంపురము, ఛత్రపురము వచ్చి స్థిరపడినవారము. ఇక్కడి నీళ్ళు మనకు కొత్తవి గాని, చేప కొత్తది కాదు. మన పండుగప్పనే ఒడియావారు భేక్టి అందురు, వంగదేశీయులు భేట్కి అందురు. ఇంగ్లీషువారు పూర్వము కాకప్ అనెడివారు, ఇప్పుడు ఏషియన్ సీ బాస్ అనుచున్నారు. ఆస్ట్రేలియాలో దాని పేరు బారముండి. విశాఖపట్నములో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు మన తీరపు చేపలకు బొమ్మలు వ్రాయించి, వాటి తెలుగు పేర్లతోనే 1803లో లండనులో అచ్చు వేయించినాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని గాలపు వేటపై పెద్ద గ్రంథమే ప్రకటించినాడు. గంజాము 1936 ఏప్రిల్ 1 వరకు ఆ రాజధానిలోనిదే గదా! కనుక ఈ వ్యాసంగము మేము నిన్న కనిపెట్టినది కాదు. పుస్తకముల మాట అటుంచి, గోపాలపురము ఇసుకపై నాలుగడుగులు నడచిన, వలలు బాగుచేసికొనుచు కూర్చున్నవారి నోట తెలుగే వినిపించును. మనకంటె ఎన్నో తరముల ముందు ఇక్కడికి వలస వచ్చినవారు వారు. ఈ విద్యలో మనకు గురువులు వారే.

బజారులో బొమ్మ ఎరలు చూచినవారికి కన్ను చెదరును. ఎరుపు, పసుపు, వెండి, బంగారు. చేపలు, రొయ్యలు, కప్పలు. లోపల గలగలలాడు గుండ్లు. ఆ అద్దాల పెట్టె ముందు నిలిచినప్పుడు పెద్దవాళ్ళము పిల్లలమైపోవుదుము. ఒకమారు అట్టి మూడు బొమ్మలు అరచేతిలో పెట్టుకొని గోపాలపురములో ఒక వృద్ధుని అడిగితిమి.

"తాతా, ఈ మూడింటిలో ఏది వేయమంటావు?"

"బొమ్మల సంగతి నాకేటి తెలుస్తాది బాబూ? పాటు ఎటు లాగతందో సూడు. రొయ్య ఎక్కడ తుళ్ళతందో సూడు. అక్కడ ఏదేసినా కొడతాది. లేనికాడ బంగారమేసినా రాదు."

మేము కొన్న సామానుల కన్నిటికంటె ఈ మాట విలువైనది. పండుగప్ప పరుగెత్తి వేటాడు చేప కాదు, పొంచియుండు చేప. వంతెన స్తంభము ప్రక్కన, రాతి నీడన, పిల్ల కాలువ పెద్ద నీటిలో కలియుచోట అది నిలిచియుండును. సముద్రపు పోటు తీసి పాటు మొదలైనప్పుడు రొయ్యలు, చిన్న చేపలు నీటివెంట క్రిందికి కొట్టుకొని వచ్చును. అది కదలకయే నోరు చటుక్కున తెరచి నీటితో సహా లోనికి పీల్చును. ఋషికుల్య ముఖద్వారము లోపలివైపు, సోనాపురము దగ్గర బాహుదా నది సముద్రమును చేరుచోటు, రంభ వైపున్న చిలికా దక్షిణపు కొస, ఆ చిలికాను ఋషికుల్యతో కలుపు పాలూరు కాలువ, ఇవన్నియు ఉప్పునీరు మంచినీరు కలిసిన తావులు, అనగా పండుగప్పకు పుట్టినిండ్లు. చిలికాలో నీటిపై హక్కు, వలకట్టు హక్కు అక్కడి బెస్త సంఘములవి. అడుగకుండ వారి కట్టుకొయ్యల ప్రక్కన గాలము వేయుట మర్యాద కాదు.

ఇక ఎర మాట. మాకు అన్నిటికంటె నమ్మకమైనది ఎనిమిది మొదలు పన్నెండు సెంటీమీటర్ల పొడవుగల చేపబొమ్మ. మూతి క్రింద చిన్న పలక యుండి, లాగినప్పుడు నీటిలోనికి దిగి తోక ఊపునది. పలక పొడవైనకొలది బొమ్మ లోతుకు దిగును. మోకాలి లోతు నీటిలో లోతుకు దిగు బొమ్మ వేసిన, దొరకునది చేప కాదు, బురద. నీరు తేటగా ఉన్నప్పుడు వెండి, తెలుపు. వాన వచ్చి కలక బారినప్పుడు బంగారు రంగు గాని ముదురు రంగు గాని. ఇంతకు మించి రంగులను గూర్చి వాదించుట వృథా, ఆ వాదము ప్రతి ఆదివారము మేము చేయుచునే యున్నను. రెండవది మెత్తని రొయ్యబొమ్మ. సీసపు తల కట్టి, అడుగున తాకించి, ఎగరవేసి, మరల పడనిచ్చునట్టిది. చెంచా ఆకారపు రేకు చౌక, దూరము పోవును, గాలిలో తిన్నగా వెళ్ళును. క్రొత్తవారు దానితో మొదలుపెట్టవచ్చును.

విసరుటకంటె లాగుట ముఖ్యము. చాలమంది బావిలో చేద తోడినట్లు ఆపకుండ లాగుదురు. నాలుగు చుట్లు లాగి ఆపవలెను. రెండు అంకెలు లెక్కపెట్టవలెను. మణికట్టుతో చిన్న కుదుపు ఇచ్చి మరల లాగవలెను. బొమ్మ ఆగిన ఆ క్షణముననే పండుగప్ప తరచు నోరు చేసికొనును. బొమ్మను తాడుకు బిగించి కట్టక, చిన్న వదులు ఉచ్చు ముడి వేసిన అది స్వేచ్ఛగా ఆడును. ముడి బిగించుటకు ముందు ఉమ్మితోనైనను తడుపవలెను. పొడి ముడి రాపిడికి కాగి బలహీనపడును.

కర్ర ఆరున్నర, ఏడడుగులది చాలును. ఇరువది, ముప్పది పౌనుల అల్లిక తాడు రీలుకు చుట్టి, దాని చివర ఒక బారెడు నలువది, అరువది పౌనుల దళసరి నైలాను ముందు తాడుగా కట్టవలెను. ఇది ఆడంబరము కాదు. పండుగప్ప మొప్పరెప్ప అంచు కత్తివలె నుండును, నోరు ఆకురాయివలె గరుకు. సన్నని తాడు రెండు రాపిళ్ళకు తెగును. చేప అప్పుడు నోటిలో బొమ్మతో సహా పోవును. మనకు నూర్ల రూపాయల నష్టము, దానికి ప్రాణసంకటము. రీలు బిగింపును స్ప్రింగు త్రాసుతో చూచుకొనవలెను. ఇరువది పౌనుల తాడైన ఐదారు పౌనుల లాగుడుకు రీలు తిరుగునట్లుండవలెను. చేప నీటిపైకి ఎగిరి తల విదిలించినప్పుడు కర్ర కొస క్రిందికి దింపవలెను గాని తాడు వదులు కానీయరాదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచినది గాలమును గూర్చి. బజారు బొమ్మలకు మూడు కొక్కెముల గుత్తులు రెండేసి ఉండును. చేప దొరకుటకు అవి మంచివే. దొరకిన చేపకు మంచివి కావు. ఎందుకనగా, పండుగప్ప జీవితము విచిత్రమైనది. సాధారణముగా అది మూడు నాలుగేండ్లకు మగచేపగా ఈడేరును; తరువాత, ఆరు ఎనిమిదేండ్ల వయస్సులో, మీటరు పొడవుకు దగ్గరపడునప్పుడు ఆడచేపగా మారును. వానకాలమునకు ముందును, వానలలోను ముఖద్వారములకు దిగి లక్షలకొద్ది గ్రుడ్లు పెట్టును. కనుక మనము రెండు చేతులతో ఎత్తి ఫోటో తీయించుకొను ఆ మహాకాయము దాదాపు ఎల్లప్పుడు ఆడదే. దానిని ముక్కలు కోసి వీధి వీధంతయు పంచిన, పులుసు ఒక పూటది.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థవారు 1997లో ఈ చేపచేత నిర్బంధములో గ్రుడ్లు పెట్టించి పిల్లలను తీసినారు. అయితే ఆ పిల్లలు ఎక్కువగా పెంపకపు చెరువులకు పోవును. నదిలోని చేపకు నదిలోని తల్లియే దిక్కు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్రమువారు 58 సెంటీమీటర్లకు తక్కువదానిని, 120కి మించినదానిని ఉంచుకొనరాదని శాసనము చేసినారు. మా నలుగురము ఇంకను కఠినమైన కట్టుబాటు చేసికొంటిమి: అరువదికి తక్కువైనను, ఎనుబదికి ఎక్కువైనను తిరిగి నీటికే. సంచిలో కుట్టుపని టేపు ఒకటి ఉంచుకొందుము. గోపాలపురపు తాతను మేము ఈ మాట అడుగము. పెద్ద చేప ఆయన ఇంటి బియ్యము. నెల జీతములు తీసికొని సరదాకు పోవు మనకు ఆ సాకు లేదు.

విడువదలచినవాడు ఇంటివద్దనే సిద్ధపడవలెను. గుత్తులు తీసివేసి, ఒంటి కొక్కెములు తగిలించవలెను. మొన వద్ద వెనుకకు తిరిగియుండు ముల్లును పటకారుతో నొక్కి చదును చేయవలెను. తాడు వదులు కానంతవరకు చేప జారిపోదు. విడిపించుట ఒక్క క్షణము పని. ఇది పిల్లవాని వ్రేలికి గ్రుచ్చుకొన్నప్పుడు కూడ తెలియును. బ్రతికిన రొయ్యను ఎర వేయువారు మొన లోనికి వంగిన గుండ్రని గాలము వాడవలెను. చేప పట్టగానే గుంజక మెల్లగా బిగించిన, అది కడుపులో గాక నోటి మూలను తగులుకొనును. పట్టిన చేపను పొడి చేతులతో తాకరాదు, దవడ పట్టి వ్రేలాడదీయరాదు. ఒక చేయి పొట్టక్రింద ఉంచవలెను. దాని మూతి ప్రవాహమునకు ఎదురుగా పట్టి, తనంతట తాను తోక కొట్టి పోవువరకు నిలువవలెను.

మంచినీటి చెరువులకు పోవువారికి కొరమీనును గూర్చి ఒక్కమాట. తామరాకులమీదుగా కప్పబొమ్మను గెంతించిన అది ఆకు చీల్చుకొని మీద పడును, చూచుటకే పండుగ. కాని నీటిపై ఎర్రని పిల్లల గుంపు ఒక బంతివలె కదలుచు కనబడిన, దాని క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచుండును. ఎరను ఆకలితో గాక కోపముతో కొట్టును. అక్కడ గెలుచుట వేట కాదు.

పండుగ సెలవులకు ఋషికుల్య ముఖద్వారమునకు విహారము పోవుదమని కొందరు అనుకొనుచున్నారు. అది సముద్రపు తాబేళ్ళు వేలకొలది వచ్చి గ్రుడ్లు పెట్టు తీరము. నవంబరు 1 నుండి మే 31 వరకు ఆ ముఖద్వారపు సముద్రములో పడవల వేటకు నిషేధము. ఒడ్డున గాలము వేయవచ్చునా అని అటవీశాఖవారిని అడిగి మరీ పోవలెను. మేమైతే ఈ నెలలలో అటు పోనే పోము. ఎక్కడికి పోయినను తెగిన నైలాను ముక్క ఇసుకలో వదలక జేబులో వేసికొని రావలెను. అది మట్టిలో కలియదు. తాబేలు మెడకో, కొంగ కాలికో చుట్టుకొనును.

సభ ముగిసిన పిమ్మట, భోజనముల పిలుపు వచ్చులోపల, వెనుక మైదానములో మా సామాను పరచి యుంచెదము. పిల్లలకు గాలము లేని సీసపు గుండుతో విసరుట నేర్పుదుము. ఆడపిల్లలను కూడ పంపవలెను. మణికట్టు కుదుపు వారికి మగపిల్లలకంటె తొందరగా పట్టుబడుచున్నట్లు పోయిన ఏడాదియే చూచితిమి. కళ్ళజోడు ఉన్నవారు పెట్టుకొని రండు. ఎవరి ఇంటనైన పాత పటకారు ఉన్న తెచ్చిన, ముండ్లు నొక్కు పని కూడ అక్కడనే పూర్తి చేయుదము.