ఇంటి రౌటరు: ఏ తలుపు తెరువవలెను?

నేడు పెక్కు ఇండ్లలో ఇంటర్నెట్టు తీగ రౌటరు అను చిన్న పెట్టెలోనికి వచ్చి చేరుచున్నది. ఫోను, టీవీ, కంప్యూటరు, కెమెరా అన్నియు దాని మూలముననే బయటి లోకముతో మాటాడుచున్నవి. వెలుపలివారికి మన యిల్లంతయు ఒకే చిరునామా. లోపల మాత్రము ప్రతి పరికరమునకును 192.168.1.20 వంటి వేరు చిరునామా యుండును. లోపలినుండి ఎవరేమి అడిగిరో రౌటరు జ్ఞాపకముంచుకొని, జవాబును వారికే అందించును. ఎవరును అడుగకుండ వచ్చినదానిని గుమ్మముననే నిలిపివేయును. ఇదియే మనకు మొదటి రక్ష.

అట్లైన ఆఫీసునుండి ఇంటి కెమెరాను చూచుట యెట్లు? అందులకొక పోర్టును తెరచుట వాడుక. పోర్టులు ఒకే యింటికి గల తలుపులవంటివి. వాటి సంఖ్యలు 0 నుండి 65535 వరకు గలవు. ఫలానా సంఖ్యకు వచ్చినదానిని లోపల ఫలానా పరికరమునకు పంపుమని రౌటరుకు చెప్పుటయే పోర్ట్ ఫార్వర్డింగు.

మా యింటి సంగతి మనవి చేసెదము. వృద్ధురాలగు మా తల్లిగారి గదిలో కెమెరా పెట్టించితిమి. బిగించిన మెకానిక్కు తన శ్రమ తగ్గునని, డీఎంజెడ్ అను అమరికతో అన్ని పోర్టులను ఆ కెమెరాకే మళ్ళించి, మొదటి పాస్‌వర్డును మార్చకయే వెళ్ళిపోయెను. ఒక రాత్రి రౌటరు చిట్టాను చూడగా, ఎన్నడు నెరుగని చిరునామాలనుండి రాకపోకలు కనబడినవి. అమ్మగారు నిద్రించు గది ఎవరెవరి కంట బడినదో యను తలపుతో ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఇది మా యొక్కరి కథ కాదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, ఇట్లు మార్చని పాస్‌వర్డుల ఆధారముననే లక్షలకొలది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొనెను.

కావున చేయవలసిన క్రమ మిది. ముందుగా రౌటరుకును, పరికరమునకును పాస్‌వర్డు మార్చి, సాఫ్ట్‌వేరును నవీకరింపవలెను. పిమ్మట పరికరమునకు స్థిరమైన లోపలి చిరునామా కేటాయింపవలెను. లేనిచో రేపు చిరునామాలు మారి, తెరచిన తలుపు వేరొక పరికరమునకు దారితీయవచ్చును. కావలసిన ఒక్క పోర్టునే తెరువవలెను. పరికరములు తమంతట తామే తలుపులు తెరచుకొను యూపీఎన్‌పీ అమరికను ఆపివేయుట మేలు.

ఇంట రెండు రౌటర్లు ఒకదాని వెనుక నొకటి యున్నచో, మొదటిది రెండవదానికి, రెండవది పరికరమునకు దారి చూపవలెను. రౌటరు చూపు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలోనిదైనచో, కంపెనీవారు ఒకే బయటి చిరునామాను పలువురికి పంచుచున్నారన్నమాట. అప్పుడు మన తలుపు తెరచినను ప్రయోజనము లేదు, వారినే అడుగవలెను.

వీటన్నిటికంటె మేలైనది, రౌటరునందే వీపీఎన్ ఉన్నచో దానిని వాడుకొనుట. తాళపుచెవి గలవారు మాత్రమే ఆ దారిన లోనికి రాగలరు. మేమును తుదకు అట్లే చేసి, కెమెరా తలుపు మూసితిమి.

ఈ రాత్రి ఒక్కమారు మీ రౌటరు పుటను తెరచి, పోర్టుల పట్టికను చూడుడు. ఎందులకు తెరచితిరో ఇంట నెవ్వరును చెప్పలేని తలుపున్నచో, దానిని మూసి మరీ నిద్రింపుడు.