గనికి కూడు వండినవారు
(సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు గలదనియు, 1902లో శివనసముద్రము నుండి ఇచటికి విద్యుచ్ఛక్తి వచ్చెననియు మన పిల్లలు సైతము చెప్పగలరు. ఆ లోతునకు దిగిన మనిషి ఏమి తిని దిగెను, ఆ కూడు ఎవరు వండిరి అని అడిగినవారు అరుదు. నేడు ఆ వంటవారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

అమెరికా, కెనడా దేశముల అడవులలో కలప కొట్టు కూలీల శిబిరములందు వంటశాలయు భోజనశాలయు యజమానులే నడిపెడివారు. తెల్లవారకముందే వంటవాడు ఇనుపకమ్మి మ్రోగించి కూలీలను భోజనమునకు పిలిచెడివాడు. వంట బాగుండని శిబిరమున కూలీలు నిలువరు గనుక మంచి వంటవానికి మంచి జీతమును, గౌరవమును దక్కెడివి.

మన గనులలో అట్లు గాదు. 1880లో జాన్ టైలర్ అండ్ సన్స్ వారు గనుల పని చేపట్టిన పిమ్మట చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలము ప్రాంతముల నుండి కూలీలు వచ్చి తట్టి గుడిసెలలో కాపురముండిరి. కూడు ఎవరికి వారే చూచుకొనవలసి వచ్చెను. గని మూడు షిఫ్టులు నడిచినచో పొయ్యియు మూడు షిఫ్టులు మండవలసినదే గదా! తండ్రి పగలు, కొడుకు రాత్రి గనిలో దిగిన ఇంట ఇల్లాలికి నిదుర ఎప్పుడు? రాగిసంగటి తెడ్డుతో కెలుకుట బలము గల పని. పిండి ఉండలు కట్టినను, పచ్చిగా మిగిలినను తిన్నవానికి కడుపునొప్పి తప్పదు. దానికి తోడు ఊరుబిండియో, బస్సారో కావలెను. ఒంటరి కూలీలకు పూటకూళ్లు పెట్టి పిల్లలను పెంచిన విధవరాండ్రను మన పెద్దలు ఎరుగుదురు.

మేము వ్యాపారులము గనుక ఒక సంగతి చెప్పగలము. మా పెద్దల అంగడి చిట్టాలలో రాగులు, ఉలవలు, ఎండుమిరపకాయల పద్దులన్నియు మగవారి పేరనే యున్నవి. సరకు తూయించుకొని, బేరమాడి, జీతపు నాడు బాకీ తీర్చినవారు మాత్రము ఆడువారు.

1952 నాటి గనుల చట్టమును, 1955 నాటి నియమములును 250 మందికి మించి పని చేయు గనులలో క్యాంటీనుల ఏర్పాటునకు దారి చూపెను. అది మేలే. అయినను జీతము గల వంట అచటిదే అయ్యెను. ఇంటి పొయ్యి ఏ పట్టీలోనికిని ఎక్కలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు చూచిన లెక్కలును ఉద్యోగుల లెక్కలే. నేడు తెల్లవారుజామున బెంగుళూరు రైలునకు పోవువారికి క్యారియరు కట్టునవియు ఆ ఇండ్లే.

ఎనుబదేండ్లు దాటిన అవ్వలు కొందరు ఇంకను మన మధ్య నున్నారు. మగవారిని అడిగినచో “అమ్మ వండెడిది” అని ఒక్క మాటతో ముగింతురు; కావున అవ్వలనే అడుగుడు. ఎందరికి వండిరి, నీరు ఎచట పట్టిరి, పిండి ఎచట విసరిరి, నెల చివర అప్పు ఎట్లు గడిపిరి అనునవి వారు చెప్పినట్లే వ్రాసికొనుడు. నడుమ కన్నడపు మాట, తమిళపు మాట దొరలినచో దిద్దవలదు; మన వంటింటి తెలుగు అట్టిదే. కాగితములు వచ్చు ఆదివారము లోపల సంఘ కార్యాలయమున నిచ్చినచో వారమునకు ఒకటి చొప్పున ఈ పత్రికలో వేయింతుము.